ఆనవాలు

రాజన్న సిరిసిల్ల జిల్లా బోయినపల్లి మండలంలో మాన్వాడ వద్ద మానేటికి అడ్డంగా కట్టిన మధ్య మానేరు జలాశయంలో, నేడు నీరు నిలిచిన చోట ఒకప్పుడు ఊళ్లుండేవి. కొదురుపాక, వరదవెల్లి, నీలోజిపల్లి మొదలైన గ్రామాల ప్రజలు ఇండ్లూ పొలాలూ వదలి పునరావాస కాలనీలకు తరలిపోయినారు. వరదవెల్లి దత్తాత్రేయస్వామి ఆలయం చుట్టూ నీరు చేరి, అది దీవి వలె మిగిలినది. అయితే ఆ ఊళ్లు నేలమీద లేకపోయినా ఒకచోట మాత్రం చెక్కుచెదరక ఉన్నవి. పాత రేషన్ కార్డులలో, ఓటరు కార్డులలో, తొలినాటి ఆధార్ పత్రాలలో ఆ ఇంటి నంబరూ, ఆ వీధీ, ఆ ఊరూ ఇంకా నిలిచే ఉన్నవి. వాటి క్రింద జిల్లా కరీంనగర్ అని, రాష్ట్రం ఆంధ్రప్రదేశ్ అని ఉంటుంది. 2014 జూన్ 2న రాష్ట్రం మారినది. 2016 అక్టోబరు 11న జిల్లా మారినది. నీరు వచ్చి ఊరు మారినది. ఇక ఆ కార్డులో మారకుండా మిగిలినది మనిషి పేరొక్కటే. అదైనా సరిగా అచ్చయినదో లేదో చూచుకోవలసినదే.

ఇటువంటి పాత కార్డుల స్థానంలో కొత్తవి ఇచ్చే ప్రయత్నాలు తెలంగాణలో ఇటీవల వరుసగా సాగినవి. 2024 అక్టోబరులో ప్రతి శాసనసభా నియోజకవర్గంలోనూ ఒక పల్లెనూ ఒక పట్టణ ప్రాంతాన్నీ ఎంచుకొని కుటుంబ డిజిటల్ కార్డు కోసం ప్రయోగాత్మకంగా సర్వే జరిపినారు. 2025 జనవరిలో గ్రామసభలు పెట్టి రేషన్ కార్డుల దరఖాస్తులు స్వీకరించినారు. ఆ సంవత్సరమే జులై 14న సూర్యాపేట జిల్లా తిరుమలగిరిలో ముఖ్యమంత్రి కొత్త రేషన్ కార్డుల పంపిణీని ప్రారంభించినారు. దివ్యాంగులకు దేశమంతటా చెల్లే ఏకీకృత కార్డు వచ్చినది. బస్సులలో ఉచితంగా ప్రయాణించే మహిళలకు ప్రత్యేకంగా స్మార్ట్ కార్డు ఇవ్వాలన్న ఆలోచన కూడా ప్రకటనలలో కనబడినది. ఒక్కొక్క కార్డు వెనుక ఒక్కొక్క మేలు ఉన్నది. ఒకదాని వెనుక బియ్యం, ఒకదాని వెనుక పింఛను, మరొకదాని వెనుక ప్రయాణం. ఆ మేళ్లను గురించి తగవు లేదు. మేలు పొందవలసిన మనిషి తాను తానేనని ఏ విధంగా ఋజువు చేసుకోవలెను, ఆ ఋజువు నిలువకపోతే దాని నష్టం ఎవరు భరించవలెను అన్న ప్రశ్న మాత్రం చాలా పాతది. మన సాహిత్యమంత పాతది.

గుర్తింపునకు సంస్కృతంలో అభిజ్ఞానమని పేరు. కాళిదాసు తన నాటకానికి పేరే ఆ మాట మీద పెట్టినాడు. శకుంతల నిండు గర్భిణిగా రాజసభలో నిలిచినది. వెంట గౌతమి ఉన్నది, కణ్వుని శిష్యులున్నారు. అయినా దుష్యంతుడు ఎరుగనన్నాడు. ఉంగరం చూపుదామని చూచుకొంటే వేలికి లేదు. దారిలో శచీతీర్థంలో జారిపోయినది. ఉంగరం లేకపోవుటతో మనిషి లేనట్లయినది. ఆ తరువాతి అంకం మొదట్లో ఒక జాలరి వస్తాడు. చేప కడుపులో ఆ ఉంగరమే దొరికితే, రాజు పేరున్న వస్తువు నీకెక్కడిదని రక్షకభటులు అతనిని కట్టి కొడతారు. ఆనవాలు లేనందుకు ఒకరికి అవమానం, ఆనవాలు ఉన్నందుకు ఒకరికి దెబ్బలు! కవి ఈ రెంటినీ పక్కపక్కన పెట్టినది ఊరక కాదనిపిస్తుంది.

విద్యార్థులు ఇక్కడ ఒక విశేషం గమనించవలెను. భారతంలో ఈ ఉంగరం లేదు, శాపమూ లేదు. నన్నయగారి ఆదిపర్వంలోనూ లేదు. అక్కడ శకుంతల కొడుకును వెంటబెట్టుకొని వచ్చి, సత్యాన్నే సాక్ష్యంగా నిలిపి రాజుతో వాదిస్తుంది. చివరకు ఆకాశవాణి పలికిన తరువాత దుష్యంతుడు అంగీకరిస్తాడు. అంతకంటె ముఖ్యమైనది అతడు చెప్పిన కారణం. ఆమె ఎవరో తనకు తెలియక కాదట. ఆమె మాట ఒక్కటే పట్టుకొని స్వీకరిస్తే లోకం శంకిస్తుందని ఊరకున్నాడట. కాళిదాసు రాజు మరచినవాడు. భారతంలోని రాజు ఎరిగి ఉండి, లోకానికి చూపదగిన ఋజువు కోసం ఎరుగనట్లు నిలిచినవాడు.

ఈ రెండు రకాల రాజులూ నేటికీ ఉన్నారు. పల్లెలో రేషన్ డీలరు రెండవ రకం. వచ్చిన ముసలమ్మ ఎవరో, ఏ వాడకట్టులో ఉంటుందో, కోడలు పేరేమిటో అతనికి తెలుసు. అయినా ఈ-పాస్ యంత్రం ఔనంటే గాని తూకం వేయడానికి లేదు. అతనిని తప్పుపట్టి లాభం లేదు. తెలిసిన ముఖాన్ని బట్టి బియ్యం ఇవ్వవచ్చునన్న కాలంలోనే లేని మనుషుల పేరిట బియ్యం దారి మళ్లినది. బోగస్ కార్డు అన్న మాట మన పల్లెలలో చదువురానివారికి కూడా తెలిసినది ఆ కాలంలోనే. రాజధానిలోని కంప్యూటర్ మొదటి రకం. దానికి ముసలమ్మ ఎవరో నిజంగానే తెలియదు. అంకెలు కలిస్తే మనిషి, కలవకపోతే శూన్యం.

ప్రయాణానికి ముద్ర కావలెనన్న నియమం కూడా కొత్తది కాదు. కౌటిల్యుడు అర్థశాస్త్రంలో ముద్రాధ్యక్షుడని ఒక అధికారిని నియమించినాడు. ఒక మాషకం తీసుకొని ముద్ర ఇవ్వడం అతని పని. ముద్ర ఉన్నవాడే జనపదంలో ప్రవేశించవలెను, బయటకు పోవలెను. లేనివానికి పన్నెండు పణాల దండన. దారిలో ముద్రను తనిఖీ చేసేవాడు పచ్చిక బయళ్ల అధికారియైన వివీతాధ్యక్షుడు. నేటి బస్సులలో టికెట్ల తనిఖీకి ఎక్కేవారికి పూర్వీకుడు అతడే కాబోలు.

మన ప్రాంతానికి దగ్గరి చరిత్ర చూస్తే, నిజాం కాలపు ముల్కీ సర్టిఫికెట్ ఒకటున్నది. 1919లో వచ్చిన ఫర్మానా ప్రకారం హైదరాబాదు సంస్థానంలో ఉద్యోగానికి ముల్కీ కావలెను. బయటివాడు ముల్కీ కావాలంటే 15 సంవత్సరాలు ఇక్కడ నివసించి ఉండవలెను. స్థానికులను కాపాడుటకు వచ్చిన కాగితమది. కాగితానికి విలువ వచ్చిన వెంటనే దొంగ కాగితాలూ వచ్చినవి. 1952లో ముల్కీ ఉద్యమం చెలరేగినప్పుడు విద్యార్థుల ఫిర్యాదులలో ఈ దొంగ సర్టిఫికెట్లు ముఖ్యమైనవి. ఆ సంవత్సరమే ఫిబ్రవరిలో ఇంగ్లండు తన గుర్తింపు కార్డులను రద్దు చేసికొన్నది. 1939లో యుద్ధం కోసం పెట్టిన కార్డులవి. యుద్ధం ముగిసినా పోలీసులు అడుగుతూనే ఉండేవారు. 1950లో విల్‌కాక్ అనే పౌరుడు చూపనని మొండికెత్తితే కేసు నడిచినది. శిక్ష నామమాత్రమే అయినా, ఒక అవసరానికి పెట్టిన చట్టాన్ని మరొక అవసరానికి వాడుతున్నందుకు న్యాయమూర్తులు పోలీసులను మందలించినారు. కార్డు ఒకసారి పుట్టినదంటే తన పుట్టుకకు కారణం తీరినా ఊరక కూర్చోదు. ఇది ఏ దేశంలోనైనా కనిపించే స్వభావమే.

మన దేశంలో 2010 సెప్టెంబరు 29న మహారాష్ట్రలోని నందుర్బార్ జిల్లా టెంభ్లీ అనే ఆదివాసి గ్రామంలో మొదటి ఆధార్ సంఖ్యలు ఇచ్చినారు. ఆ గ్రామాన్ని ఎంచుకొనడంలో ఒక ఉద్దేశమున్నది. ఏ కాగితమూ లేనివానికి మొదటి కాగితం ఇవ్వడం దాని ప్రతిజ్ఞ. పన్నెండు అంకెలు, పది వ్రేళ్ల ముద్రలు, రెండు కంటిపాపల చిత్రాలు. ఆ ప్రతిజ్ఞ చాలామంది విషయంలో నెరవేరినది కూడా. బ్యాంకు ఖాతా ఎరుగని ఆడవారికి ఖాతా వచ్చినది, మధ్యవర్తి చేయి తగలకుండా పింఛను చేరినది. అయితే 2018 సెప్టెంబరు 26న సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తులలో నలుగురి మెజారిటీతో ఆధార్ చట్టాన్ని సమర్థించే నాటికి, దాని నీడ కూడా అందరికీ కనిపించినది. అంతకు ముందటి యేడు జార్ఖండ్‌లోని సిమ్డేగా జిల్లాలో పదకొండేండ్ల బాలిక మరణించినది. ఆధార్‌తో జోడించలేదని రేషన్ కార్డు తీసివేయడంతో ఆకలికి చనిపోయినదని కుటుంబం చెప్పినది. జబ్బుతో అని అధికారులు చెప్పినారు. కార్డు తీసివేయబడిన మాట మాత్రం కాదనలేకపోయినారు.

జార్ఖండ్ దాకా పోనక్కరలేదు. తెలంగాణలో లెక్కలో ఉండడం అంటే ఏమిటో 2014 ఆగస్టు 19న అందరూ చూచినారు. ఆనాడు సమగ్ర కుటుంబ సర్వే. రాష్ట్రమంతా ఒకే రోజు. ఇంట్లో లేనివాడు లెక్కలో ఉండడన్న భయం పుట్టినది. సిరిసిల్ల, కోరుట్ల, జగిత్యాల ప్రాంతాల నుండి భివండి, ముంబయి, సూరత్ మరమగ్గాలకు వలసపోయిన నేతకార్మికులెందరో కూలి వదులుకొని, కిక్కిరిసిన రైళ్లలో, బస్సులలో స్వగ్రామాలకు చేరినారు. గల్ఫులో ఉన్నవారు రాలేక ఇంటివారికి ఫోన్లు చేసినారు. బ్రతుకుతెరువు ఒకచోట, లెక్క ఒకచోట అయినవారికి ఆ ఒక్క రోజు ఇంట కనబడడం ఎంత ముఖ్యమైపోయినదో! 2019 ఆగస్టులో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌ల మధ్య ఏ రాష్ట్రపు కార్డుతోనైనా బియ్యం తీసుకొనే ఏర్పాటు ప్రయోగంగా మొదలై, ఆ తరువాత దేశమంతటా విస్తరించినది. వలస కార్మికునికి ఇది నిజమైన ఉపకారం. కార్డు మనిషి వెంట నడవడం నేర్చుకొన్నది అక్కడే.

అయితే కార్డులు పుట్టడమే కాదు, చావడం కూడా ఉన్నది. 2014కూ 2019కీ మధ్య తెలంగాణలో 18 లక్షలకు పైగా ఆహార భద్రత కార్డులు రద్దయినవి. వాటిలో నిజంగా బోగసువి ఉండకపోవు. కాని ఇంటికి పోయి చూచి రద్దు చేసినవి ఎన్ని? సమగ్ర వేదిక అనే కంప్యూటర్ ఏర్పాటు వివిధ శాఖల పట్టికలను జతచేసి, ఫలానా పేరువానికి కారున్నది, ఫలానా వానికి భూమి ఉన్నది అని తేల్చేది. పేరుకు పేరు పోలితే చాలు. హైదరాబాదులో రిక్షా తొక్కి బ్రతికిన ఒకానొక కుటుంబానికి కారున్నట్లు లెక్క తేలి కార్డు పోయినది. కారు అదే పోలికగల పేరున్న మరొకరిది. ఈ వ్యవహారం సుప్రీంకోర్టు దాకా పోగా, రద్దయిన కార్డులను ఇండ్లకు పోయి మళ్లీ పరిశీలించవలసినదిగా 2022 ఏప్రిల్‌లో ఆదేశం వచ్చినది. పరిశీలించిన వాటిలో వేల సంఖ్యలో అర్హుల కార్డులు బయటపడినవి. కాళిదాసు రాజుకు ఉంగరం చూచిన వెంటనే జ్ఞాపకం వచ్చి కన్నీరు పెట్టుకొన్నాడు. పట్టికకు కన్నీరు ఉండదు గదా! దానికి జ్ఞాపకం తెప్పించడానికి న్యాయస్థానం కావలసివచ్చినది.

ఇక వ్రేలిముద్ర సంగతి. సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్ల ప్రాంతాలలో బీడీలు చుట్టని ఇల్లు లేదన్నట్లుండేది. చాట ఒడిలో పెట్టుకొని, తునికాకును కత్తెరతో కొలతకు కత్తిరించి, తంబాకు పోసి, రెండు చేతుల బొటనవ్రేళ్లతో చుట్టి, మూతి మలిచి, దారం కట్టడం. రోజుకు వందల సంఖ్యలో. ముప్పది నలభై యేండ్లు ఇట్లా చేసిన వ్రేళ్లమీద గీతలు మిగలవు. ఆమె బీడీ కార్మికురాలనడానికి ఆ అరిగిన వ్రేళ్లకంటె గొప్ప సాక్ష్యమేమున్నది? కాని ఆ వ్రేళ్లే యంత్రం మీద ఆమెను ఆమె కాదంటవి. ఈ కార్మికులకు 1976 నాటి సంక్షేమ నిధి చట్టం క్రింద గుర్తింపు కార్డులు వచ్చినవి, కార్ఖానా లెక్కలో పి.ఎఫ్. ఖాతాలు వచ్చినవి. 2015లో రాష్ట్ర ప్రభుత్వం బీడీ కార్మికులకు జీవనభృతి ఇవ్వడం మొదలుపెట్టినప్పుడు ఆ పి.ఎఫ్. ఖాతాయే ఆధారమైనది. టేకేదారు పేరు వ్రాయించనివారు, ఇంకొకరి పాసుబుక్కు మీద చుట్టినవారు, చేసిన పని ఒకటే అయినా భృతికి దూరమైనారు. వ్రేలిముద్రలు పడని కష్టం ప్రభుత్వానికి తెలియకపోలేదు. రేషన్ దుకాణాలలో కంటిపాపనూ, ఫోనుకు వచ్చే సంఖ్యనూ వాడే వెసులుబాటు కల్పించినారు. పింఛన్ల కోసం 2025లో ముఖాన్ని గుర్తించే పద్ధతి ప్రవేశపెట్టినారు. మనిషిని మనిషి గుర్తుపట్టేది మొదటినుండీ ముఖాన్ని చూచియే. ఎంతో దూరం తిరిగి యంత్రం కూడా అక్కడికే వచ్చినది.

బస్సు మాటకు వస్తే, 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం మొదలైనది. రాష్ట్రంలోని ఆడవారు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ఉచితంగా ప్రయాణించవచ్చును. వేములవాడ రాజన్న దర్శనానికో, కరీంనగర్ ఆసుపత్రికో, కాలేజీకో పోవడానికి భర్తనో కొడుకునో డబ్బు అడుగనక్కరలేకపోవడం చిన్న సంగతి కాదు. మొదటి కొద్ది రోజులు ఏ కాగితమూ అడుగలేదు. తరువాత శూన్య ధర గల టికెట్ వచ్చినది, దానితో గుర్తింపు కార్డూ వచ్చినది. అసలు కార్డే చూపవలెను; జిరాక్సు ప్రతి చెల్లదు, ఫోనులోని చిత్రం చెల్లదు, చిరునామా లేని పాన్ కార్డు చెల్లదు. పాత ఆధార్‌లో ఆంధ్రప్రదేశ్ అని ఉన్నవారు దిద్దించుకొనవలెనని ఆర్.టి.సి. వారు చెప్పినారు. ఇక్కడే ముంపు గ్రామపు కార్డు మళ్లీ గుర్తుకు రావలెను. జీవితమంతా మానేటి ఒడ్డున గడిపిన స్త్రీ, తన కార్డులో అచ్చయిన పాత రాష్ట్రం పేరు కారణంగా, ఈ రాష్ట్రపు మనిషినని కండక్టరుకు చెప్పుకోవలసి రావచ్చును. చట్టం వైపు నుండి చూస్తే ఇందులో మరొక చిత్రమున్నది. ఆధార్ సంఖ్య దానంతట అది పౌరసత్వానికి గాని స్థిరనివాసానికి గాని ఋజువు కాదని 2016 నాటి ఆధార్ చట్టం తొమ్మిదవ సెక్షన్ చెబుతున్నది. బస్సులో మాత్రం అదే స్థానికతకు నిదర్శనం. కండక్టరు ఏం చేయగలడు? నిండిన బస్సులో, గతుకుల దారిలో, ఒంటి చేత్తో కార్డు పట్టుకొని చూడవలసినవాడు అతడు.

దివ్యాంగుల కార్డు విషయం కొంత వేరు. 2016 నాటి హక్కుల చట్టం వైకల్యాలను 7 రకాల నుండి 21 రకాలకు పెంచినది. 40 శాతం వైకల్యం ఉన్నదని వైద్యులు ధ్రువపరచవలెను. పూర్వపు సదరం సర్టిఫికెట్ రాష్ట్రానికే పరిమితం, కొత్త కార్డు దేశమంతటా చెల్లుతుంది. అది మెరుగే. కాని కాలు లేనివాడు తనకు కాలు లేదని ఋజువు చేసుకోవడానికి కాలు ఉన్నవానికంటె ఎక్కువ దూరం తిరగవలసి వస్తున్నదన్న చేదునిజాన్ని ఏ కార్డూ ఇంకా తీర్చలేదు.

ఇన్ని చిక్కులకూ మూలం వెదికితే చాలాసార్లు ఒక చిన్న చోటికి చేరుతాము: పేరు వ్రాసిన చోటికి. ఇంట్లో లచ్చవ్వ, రేషన్ కార్డులో లక్ష్మి, బ్యాంకులో విజయలక్ష్మి. ఇంగ్లీషులో వ్రాసేటప్పుడు క్ష అన్న అక్షరానికి ఒక గుమాస్తా ఎక్స్ పెడతాడు, ఇంకొకడు కె, ఎస్, హెచ్ పెడతాడు. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనుక, ఒకచోట ఒంటి అక్షరం. ఆడపిల్లకు పెండ్లి అయితే ఇంటిపేరే మారుతుంది, ఊరూ మారుతుంది. తెలుగులో విని గుర్తుపట్టవలసిన పేరును ఇంగ్లీషు అక్షరాలలో కొలిచే యంత్రానికి ఇవన్నీ వేరువేరు మనుషులు. మీసేవ కేంద్రం ముందు వరుసలో నిలిచినవారిలో ఎంతమంది ఒక్క అక్షరం కోసం ఒక పూట కూలి పోగొట్టుకొన్నారో!

ఆ పేరు మొదటిసారి కాగితానికెక్కేది ఎక్కువగా బడిలోనే. పూర్వం బడిలో చేర్చుకొనే పంతులుగారే పిల్లవాని పుట్టినరోజును కూడా నిర్ణయించేవారు. వయస్సు సరిపోయేట్లు లెక్కవేసి జూన్‌లోనో జూలైలోనో ఒక తేదీ వేసేవారు. అందువల్లనే ఒక తరం వారిలో ఆ నెలల్లో పుట్టినవారు అంతమంది. ఆ రిజిస్టరు బలం ఇంకా తగ్గలేదు. 2024 అక్టోబరు 24న ఒక మోటారు ప్రమాదపు నష్టపరిహారం కేసులో సుప్రీంకోర్టు, వయస్సు నిర్ణయానికి ఆధార్‌కంటె బడి ఇచ్చిన సర్టిఫికెట్టే ప్రమాణమని చెప్పినది. పంతులుగారి కలం ఇచ్చిన తేదీ మీద ఒక కుటుంబానికి దక్కే పరిహారం ఆధారపడినది.

నేటి ఉపాధ్యాయులకు విద్యార్థుల అపార్ సంఖ్యల పని కూడా వచ్చిపడినది. బడి రిజిస్టరులోని పేరూ ఆధార్‌లోని పేరూ ఒక్క అక్షరం తేడా లేకుండా కలిస్తే గాని ఆ సంఖ్య పుట్టదు. పాఠం చెప్పవలసిన గంటలు ఇందులో పోతున్నవన్న వారి ఫిర్యాదు న్యాయమైనదే. అయినా ఆ తేడా తొమ్మిదేండ్ల పిల్లకు సరిదిద్దడం ఒక దరఖాస్తుతో పోతుంది. అరవైయేండ్లకు, బియ్యం దుకాణం ముందు, పోదు. సవరించిన జనన మరణ నమోదు చట్టం ప్రకారం 2023 అక్టోబరు 1 నాటి నుండి పుట్టిన పిల్లలకు బడిలో చేరడానికి జనన ధ్రువపత్రమే ఆధారం. ఆ పిల్లలు ఒకటవ తరగతి గుమ్మం తొక్కేది 2029 ప్రాంతంలో. అందాకా ప్రతి జూన్‌లోనూ బడిబాటకు బయలుదేరిన ఉపాధ్యాయుడు గడపలో నిలబడి, నీ బిడ్డ పేరేమమ్మా అని తల్లిని అడిగి, విన్నది వ్రాసుకొని, వ్రాసినది ఆమెకు చదివి వినిపించవలసి ఉన్నది.